తప్పెవరిదో తర్వాత తేల్చుకుందాం

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నాకిచ్చిన అంశం ఇది: ఆర్థికంగా దెబ్బతిన్న మనిషి తన కాళ్ల మీద తనే లేవాలా, ప్రభుత్వం చెయ్యి అందించాలా? ఈ ప్రశ్న వినగానే చాలామందికి జవాబు నోటి చివరే ఉంటుంది. కొందరు "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అంటారు. ఇంకొందరు "మరి పన్నులు ఎందుకు కట్టించుకుంటున్నట్టు?" అంటారు. ఈ ఇద్దరి మధ్య రాజీ కుదర్చడానికి నేను రాలేదు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని చెప్పడానికి వచ్చాను. మనిషి కుప్పకూలిన మరుసటి రోజునే ఇద్దరూ అడిగేది ఒకటే: తప్పెవరిది, ఆ మనిషిదా, వ్యవస్థదా? ఆ ప్రశ్న అడగొద్దని నేననను. ఆ రోజు మాత్రం అడగొద్దంటాను.

ఎందుకో తెలియాలంటే ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. అప్పుల్లో ఇరుక్కున్న కుటుంబాలతో కూర్చుని లెక్కలు రాయించే పని నేను చాలాకాలంగా చేస్తున్నాను. అలా వచ్చినవాళ్లలో ఒక వెల్డింగ్ పనివాడు ఉన్నాడు. సొంత మిషను, చేతిలో మంచి పని. ఒక పెద్ద కాంట్రాక్టరు దగ్గర నెలల తరబడి పనిచేశాడు. ఆ కాంట్రాక్టరు చేతులెత్తేశాడు, ఈయన బిల్లులన్నీ మునిగిపోయాయి. ఇనుము అరువు మీద తెచ్చాడు కాబట్టి ఆ బాకీ ఈయన నెత్తిన పడింది. నా దగ్గరికి వచ్చేసరికి ఏం చేశాడో చూడండి. క్రెడిట్ కార్డు మీద డబ్బు తీసి తెలిసినవాళ్ల చేబదుళ్లు తీర్చాడు. ఒక యాప్‌లో అప్పు తీసుకుని కార్డుకి మినిమమ్ డ్యూ కట్టాడు. చివరికి వెల్డింగ్ మిషను అమ్మి, యాప్ వాళ్లకి రెండు వాయిదాలు కట్టాడు.

ఈయన బాధ్యత లేని మనిషా? ఒక్క రోజు కూడా ఖాళీగా కూర్చోలేదు. ఎవరికీ ఎగ్గొట్టాలనుకోలేదు. బాధ్యతగా ఉండాలన్న తాపత్రయంతోనే అన్నీ తలకిందులుగా చేశాడు. ఏ అప్పుకి వడ్డీ ఎక్కువో చూసుకోలేదు, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకి ముందు కట్టాడు. ఇది ఈయన ఒక్కడి సంగతి కాదు. నేను చూసిన ఇళ్లలో మూడొంతులు ఇదే వరస. ఫోను సైలెంట్‌లో పెట్టేస్తారు, వచ్చిన కవర్లు విప్పరు, భార్యకో భర్తకో చెప్పరు. గడప దాకా వచ్చి అరిచినవాడికి మాత్రం ఎక్కడో తెచ్చి కట్టేస్తారు. చప్పుడు చేయని అప్పు లోపల్లోపల పెరిగిపోతుంది. నెలకు 3 శాతం వడ్డీ అంటే చెవికి చిన్నగానే వినిపిస్తుంది. 100 అప్పు ఏమీ కట్టకుండా వదిలేస్తే ఏడాదికి దాదాపు 143, రెండేళ్లకు 203. మొదటి రెండు మూడు నెలలు భయంతో, సిగ్గుతో గడిచిపోతే తర్వాత ఎంత బుద్ధిగా ఉన్నా ఆ దూరం అందుకోవడం కష్టం.

ఆ సమయంలో మనిషి బుర్ర పనిచేయదని మనం అంటూంటాం. అది తిట్టు కాదు, పరిశీలించి చూసిన విషయమే. అనంది మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావో అనే నలుగురు పరిశోధకులు 2013లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. తమిళనాడులో చెరకు రైతులకి కోతకు ముందు, చేతిలో డబ్బు లేనప్పుడు, ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షలు పెట్టారు. కోత అయి డబ్బు చేతికొచ్చాక మళ్లీ పెట్టారు. అదే మనిషి, అదే చదువు, అదే తెలివి. డబ్బు లేనప్పటికంటే ఉన్నప్పుడే బాగా చేశారు. మరి జీవితంలో అతి జాగ్రత్తగా నిర్ణయాలు తీసుకోవాల్సిన వారాల్లోనే మనిషికి ఆ శక్తి తక్కువగా ఉంటే, సరిగ్గా అప్పుడే "నీ పాట్లు నువ్వు పడు" అనడం ఎక్కడి న్యాయం?

ఆ వెల్డింగ్ ఆయన విషయంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. చాలా దేశాల దివాలా చట్టాలు పనిముట్లను ముట్టుకోనివ్వవు. ఇంగ్లండు, వేల్స్‌లో 1986 నాటి చట్టం ప్రకారం మనిషి దివాలా తీసినా, అతని వృత్తికి అవసరమైన పనిముట్లు, పుస్తకాలు, వాహనం అప్పులవాళ్ల చేతికి పోవు. అమెరికా చట్టంలోనూ వృత్తి పనిముట్లకు ఒక పరిమితి మేరకు రక్షణ ఉంది. చట్టం రాసినవాళ్లు మెత్తని మనసుతో పెట్టిన మాట కాదది, గట్టి లెక్కే ఉంది. మిషను పోతే సంపాదన పోతుంది, సంపాదన పోతే అప్పిచ్చినవాడికీ రూపాయి రాదు. ఇంత మామూలు సంగతి చెప్పే మనిషి సమయానికి దగ్గర లేక, ఆయన తన చేత్తో తనే మిషను అమ్ముకున్నాడు.

పూర్వం ఈ లెక్క కూడా అర్థం కాని కాలం ఉండేది. బాకీ తీర్చలేదని మనిషిని జైల్లో పెట్టేవారు. జైల్లో ఉన్నవాడు సంపాదించలేడు, సంపాదించనివాడు తీర్చలేడు, తీర్చేదాకా వదలరు. ఇంగ్లండులో చాలా మటుకు ఈ పద్ధతి 1869 చట్టంతో గానీ పోలేదు. బీదవాళ్ల విషయంలోనూ అదే ధోరణి. బీదవాళ్లని ఉంచి పనిచేయించే వర్క్‌హౌసులకు 1834 చట్టం ఒక సూత్రం పెట్టింది: లోపలి బతుకు, బయట అందరికంటే తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకు కంటే హీనంగా ఉండాలి. సాయం అడగడానికి మనిషి భయపడాలని దాని ఉద్దేశం. అందుకే భార్యని ఒక చోట, భర్తని ఒక చోట, పిల్లల్ని ఒక చోట ఉంచేవారు. బాధ్యత నేర్పడానికి సంసారాన్ని మూడు ముక్కలు చేయడం! దాన్ని సమర్థించినవాళ్లు క్రూరులు కారు, చదువుకున్నవాళ్లు, లోకం తెలిసినవాళ్లు. సాయం తేలిగ్గా దొరికితే జనం సోమరులైపోతారని నిజంగానే నమ్మారు.

ఆ నమ్మకానికి మొదటి గట్టి జవాబు జర్మనీ నుంచి వచ్చింది, అదీ పేదల పక్షం వహించే నాయకుడి నుంచి కాదు. అప్పటి జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ సోషలిస్టులంటే గిట్టని మనిషి. ఆయన ప్రభుత్వమే 1883లో జబ్బుకి, 1884లో పనిలో జరిగే ప్రమాదాలకి, 1889లో ముసలితనానికి, అంగవైకల్యానికి బీమా తెచ్చింది. జబ్బు బీమాకి, ముసలితనం బీమాకి కార్మికుడు కొంత కట్టాలి, యజమాని కొంత కట్టాలి. వ్యక్తి బాధ్యత, ప్రభుత్వ సాయం అని మనం విడగొట్టి కొట్లాడుకుంటున్న రెండూ అందులో కలిసే ఉన్నాయి. నా వంతు ముందే కట్టాను, కష్టమొచ్చినప్పుడు నాకు రావాల్సింది అడుగుతున్నాను. అడగడానికి తల దించుకోనక్కర్లేదు.

బ్రిటన్‌కి ఆ సంగతి పూర్తిగా బోధపడటానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1931లో పనుల్లేక జనం అల్లాడుతుంటే ఇంటిల్లిపాది ఆదాయాన్నీ లెక్కగట్టే పద్ధతి పెట్టారు. అధికారి ఇంటికొచ్చి ఎవరెంత తెస్తున్నారో రాసుకునేవాడు. కొడుకుకి పని దొరికితే ఆ మేరకు తండ్రికి వచ్చేది కోసేసేవారు. దాంతో పని దొరికిన పిల్లలు ఇల్లు వదిలిపెట్టి వేరే చోట ఉండటం మొదలైంది. ఆ చేదు జనం మనసులోంచి పోలేదు. 1942 డిసెంబరులో బెవరిడ్జ్ అనే ఆర్థికవేత్త రాసిన నివేదిక కనీస భద్రతను ఒక హక్కుగా ప్రతిపాదించినప్పుడు దానికి అంత ఆదరణ రావడానికి ఇదీ ఒక కారణం. ఆ నివేదికలో చాలామంది గుర్తుపెట్టుకోని మాట ఒకటుంది. ప్రభుత్వం కనీసం మాత్రమే చూడాలి, అంతకు మించి తనకోసం, తన కుటుంబం కోసం మనిషి తానే చేసుకోవడానికి చోటు వదలాలి, ఆ ఉత్సాహాన్ని చంపకూడదు అని బెవరిడ్జ్ రాశాడు. సంక్షేమ రాజ్యానికి పునాది వేసిన కాగితంలోనే వ్యక్తి బాధ్యత అంత స్పష్టంగా ఉంది.

ఇప్పుడు కొంచెం ఇబ్బంది పెట్టే మాట చెబుతాను. సాయం చేస్తే జనం చెడిపోతారన్న అనుమానం మనకి బీదవాడి దగ్గరే ఎందుకు వస్తుంది? వ్యాపారం చేసేవాడికి మనం ఎప్పుడో రక్షణ ఇచ్చేశాం. 1855లో బ్రిటన్ పరిమిత బాధ్యత చట్టం తెచ్చింది. కంపెనీ మునిగితే వాటాదారు తను పెట్టిన వాటా మేరకే పోగొట్టుకుంటాడు, ఇల్లూ వాకిలీ పోవు. ఇది ఎవరో దయతో ఇచ్చింది కాదని, చట్టం చేతిలో పెట్టిన రక్షణ అని మనం గుర్తే చేసుకోం. అది లేకపోతే ఎవరూ ధైర్యం చేసి పెట్టుబడి పెట్టరన్నది వాదన, సరైన వాదనే. అలాగే డిపాజిట్లు. అమెరికాలో 1930 నుంచి 1933 దాకా దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. 1933లో ప్రభుత్వం డిపాజిట్ బీమా పెట్టాక ఆ వరస ఆగింది. "బ్యాంకు సంగతి విచారించుకోకుండా డబ్బు దాచుకున్నావు, అనుభవించు" అని డిపాజిటరుతో ఇవాళ ఎవరూ అనరు.

ఇక 2008. సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. ఆ మర్నాడే ఏఐజీ అనే బీమా సంస్థకి 85 బిలియన్ డాలర్ల అప్పు ప్రకటించారు. అక్టోబరు 3న 700 బిలియన్ డాలర్ల సహాయ చట్టం మీద సంతకమైంది. ఆ వేగం చూడండి. ఫారాలు లేవు, ఇంటికొచ్చి సామాను లెక్కపెట్టే అధికారి లేడు. మరుసటి ఏడాది మార్చిలో, అదే ఏఐజీలో నష్టాలకి మూలమైన విభాగం ఉద్యోగులకి 165 మిలియన్ డాలర్ల బోనస్‌లు వెళ్లాయని బయటపడి దేశమంతా భగ్గుమంది. ఆ సంస్థల్ని ఆదుకోవడమే తప్పని నేను అనను. అవి ఒక్కసారిగా కూలితే వాటితో ఏ సంబంధమూ లేని లక్షలాది మంది ఉద్యోగాలు ఊడేవి. "ముందు మంట ఆర్పుదాం, తప్పు తర్వాత తేల్చుదాం" అని ఆ రోజు పెద్దవాళ్ల విషయంలో అనుకున్నారు. నేను వెల్డింగ్ పనివాడికీ అదే వరస కావాలంటున్నాను. తర్వాత తేల్చాల్సింది తేల్చకుండా వదిలేయడం మాత్రం పెద్దవాళ్లకైనా చిన్నవాళ్లకైనా తప్పే. అక్కడ నేను "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనేవాళ్లతోనే ఉన్నాను.

మొన్న ఒక సభలో ఒక అబ్బాయి లేచి సూటిగా అడిగాడు. "సార్, ఒకడు అప్పు చేసి మరీ ట్రేడింగ్‌లో పెట్టి మొత్తం పోగొట్టుకున్నాడు. వాడికి నా పన్ను డబ్బు ఎందుకివ్వాలి?" అని. చాలా మంచి ప్రశ్న. నా జవాబు: పోయిన డబ్బు ఇవ్వొద్దు, ఒక్క పైసా కూడా ఇవ్వొద్దు. పోగొట్టుకున్నది తిరిగి ఇప్పించడం వేరు, మనిషి అట్టడుగుకి జారిపోకుండా ఆపడం వేరు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లనే మన వాదన ఎప్పుడూ తెగదు. అతని జూదం నష్టం అతనిదే. కానీ అతనికి జబ్బు చేస్తే వైద్యం అందాలి. ఇంకో పని దొరికేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలి. పిల్లల బడి ఆగకూడదు. అప్పులకి ఒక పద్ధతి ప్రకారం పరిష్కారం ఉండాలి. అమెరికా దివాలా చట్టంలో చాప్టర్ 13 అనే భాగం కింద అయితే జీతం నుంచి మూడు నుంచి ఐదేళ్లు ఒక ప్రణాళిక ప్రకారం కట్టాలి, ఆ తర్వాత మిగిలిన బాకీల్లో చాలా వాటి నుంచి విముక్తి దొరుకుతుంది. మోసంతో చేసిన అప్పులు మాత్రం పోవు. ఆస్తులు దాచిపెట్టి అబద్ధం చెబితే ఆ విముక్తే దక్కకపోవచ్చు. నిజాయితీగా ఉండి దెబ్బతిన్నవాడికి కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇవ్వడానికే ఈ చట్టం అని 1934లో అక్కడి సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. అందులో "నిజాయితీగా" అన్న షరతు చాలా ముఖ్యం. తప్పెవరిదన్న ప్రశ్నకి అక్కడ కూడా చోటుంది, కాకపోతే అది విచారణలో, కాగితాల మీద, తీరిగ్గా. ఆకలితో ఉన్నవాడి ఎదుట కాదు.

సాయం అందితే పని మానేస్తారన్న భయానికి కూడా ఒక మాట చెప్పాలి. ఫిన్లాండ్ ప్రభుత్వం 2017, 2018 సంవత్సరాల్లో 2,000 మంది నిరుద్యోగులకి నెలకు 560 యూరోలు ఏ షరతూ లేకుండా ఇచ్చి చూసింది. పని దొరికినా ఆ డబ్బు ఆపలేదు. వాళ్లు పని మానలేదు. ఆ డబ్బు అందని నిరుద్యోగులతో పోలిస్తే సగటున కాస్త ఎక్కువ రోజులే పనిచేశారు. ఆ తేడా చిన్నదే, దాన్ని పెద్దది చేసి చూపడం నాకిష్టం లేదు. కానీ సోమరులైపోలేదు. మనసు తేలికపడిందని, ఇతరుల మీద, సంస్థల మీద నమ్మకం పెరిగిందని చెప్పినవాళ్లు ఎక్కువ.

నన్నడిగితే, మనుషుల్ని చెడగొట్టేది సాయం కాదు, తప్పుగా కట్టిన సాయం. అమెరికాలో వృద్ధులకి, వికలాంగులకి ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ అనే పథకం ఉంది. అది రావాలంటే ఒంటరి మనిషి దగ్గర లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. ఆ హద్దు 1989 నుంచి మారలేదు. అన్నాళ్లలో ధరలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాయో ఆలోచించండి. అంటే ఆ మనిషికి మనం ఇస్తున్న పాఠం ఏమిటి? పొదుపు చేశావో, నీకొచ్చేది ఆపేస్తాం! పొదుపు నేర్చుకోలేదని బీదవాళ్లని తిట్టేదీ మనమే, పొదుపు చేస్తే శిక్షించే నియమం రాసేదీ మనమే. బ్రిటన్‌లో పని లేనివాళ్లకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ సంగతి ఇంకోలా ఉంది. దరఖాస్తు పెట్టాక మొదటి చెల్లింపుకి మామూలుగా ఐదు వారాలు ఆగాలి. ఆగలేనివాళ్లకి అడ్వాన్సు ఇస్తారు, అది అప్పే, తర్వాతి నెలల్లో కోసుకుంటారు. అప్పుల నుంచి బయటపడటానికి వచ్చినవాడి చేతిలో మొదట పడేది ఇంకో అప్పు.

అదే దేశంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు కూడా ఉంది, న్యాయంగా అదీ చెప్పాలి. 2021 మే 4 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లో 'బ్రీతింగ్ స్పేస్' అమల్లో ఉంది. అప్పుల్లో ఉన్నవాళ్లకి 60 రోజుల గడువు దొరుకుతుంది. ఆ రెండు నెలలూ అందులో చేరిన అప్పుల మీద వడ్డీ, జరిమానాలు చాలా మటుకు ఆగిపోతాయి. వసూలు కోసం అప్పులవాళ్లు వెంటపడకూడదు. ఇందులో ప్రభుత్వం ఎవరి బాకీ తీర్చదు, ఇచ్చేదల్లా గడువు మాత్రమే. అయితే ఆ గడువు నేరుగా అడిగితే రాదు, అప్పుల సలహాదారు ద్వారానే రావాలి. అద్దె లాంటి నడుస్తున్న ఖర్చులు ఆ రెండు నెలలూ ఆ మనిషి కట్టుకుంటూనే ఉండాలి. నడుమ సలహాదారు మళ్లీ లెక్క చూస్తాడు, తన వంతు చేయకపోతే గడువు రద్దయిపోవచ్చు. మానసికంగా తీవ్ర సంక్షోభంలో ఉండి చికిత్స పొందుతున్నవాళ్లకైతే చికిత్స నడిచినన్నాళ్లూ, ఆపైన 30 రోజులూ ఈ రక్షణ ఉంటుంది. బాధ్యతని పక్కన పెట్టకుండా, ఆ బాధ్యత మోయడానికి మనిషికి ఊపిరి తీసుకునే సమయం ఇవ్వడమంటే ఇదే.

ఇక మన వంతు. నేను ఎంతసేపు ప్రభుత్వం గురించి మాట్లాడినా, కొన్ని పనులు మనకోసం ఏ ప్రభుత్వమూ చేయలేదు. ఇంట్లో చెప్పడం అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ముందు చేయాల్సింది అదే. దాచిన ప్రతి వారమూ అప్పుని పెంచుతుంది. అసలు గొడవ తెలిశాక "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు" అన్న గొడవ ఇంకొకటి తోడవుతుంది. చెప్పాక ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఎవరికెంత, వడ్డీ ఎంత, తాకట్టులో ఏముంది, ఎవరిచేత హామీ సంతకం పెట్టించాం, కట్టకపోతే వాళ్లు నిజంగా ఏం చేయగలరు. ఆ చివరి గడి నింపేటప్పుడు చాలామంది మొహంలో రంగు తిరిగి రావడం నేను చూశాను. అరుస్తున్నవాడు చేయగలిగింది తక్కువ, నోరెత్తనివాడు చేయగలిగింది ఎక్కువ అని అప్పుడు తెలుస్తుంది. వాయిదా తప్పాక కాదు, తప్పబోతోందని తెలిసిన రోజునే అప్పిచ్చినవాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి. ఎగ్గొట్టి పారిపోతాడేమో అన్న భయం వాళ్లకి పోతే చాలా సందర్భాల్లో గడువు ఇస్తారు. అప్పు తీర్చడానికి అప్పు మాత్రం వద్దు, ముఖ్యంగా అయిదు నిమిషాల్లో దొరికే అప్పు అసలే వద్దు. మీకు సంపాదన తెచ్చిపెట్టే వస్తువుని ఆఖరి దాకా అమ్మకండి. వెల్డింగ్ మిషనైనా, కుట్టుమిషనైనా, లాప్‌టాప్ అయినా.

పరిస్థితి బాగున్న రోజుల్లో కూడా మన బాధ్యత ఒకటుంది. పదిమందికీ ఉపయోగపడే భద్రత కోసం మన వంతు కట్టడానికి గొణగకూడదు. నాకెప్పుడూ అవసరం పడలేదు కదా అనేవాళ్లు తరచుగా కనిపిస్తారు. అవసరం పడనందుకు సంతోషించాలి గానీ, కట్టిన డబ్బు వృథా అయిందని బాధపడకూడదు.

చివరిగా ఒకటి అడుగుతాను. సభలో అధికారులు కూడా ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. సాయం ఇచ్చే ప్రతి కార్యాలయంలో దరఖాస్తులు తీసుకునే బల్ల ఉంటుంది. దాని పక్కనే ఇంకో బల్ల వేయండి. అప్పుల లెక్కలు తెలిసిన మనిషిని అక్కడ కూర్చోబెట్టండి. ఫీజు ఉండకూడదు, అప్పులిచ్చే సంస్థలతో అతనికి ఏ సంబంధమూ ఉండకూడదు. దరఖాస్తు ఇచ్చి బయటికి వెళ్లేలోపు ఆ మనిషి దగ్గర పావుగంట కూర్చునే ఏర్పాటు చేయండి. డబ్బు మంజూరు కావడానికి వారాలు పడితే పట్టనివ్వండి, ఈ పావుగంట మాత్రం మొదటి రోజే దొరకాలి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక మీరు అడగండి.